గచ్చు కింది నాలుగు పెంకులు

ఆవిడ పోయిన సంగతి నాకు ఈమెయిల్‌లో తెలిసింది. ఇరవై ఏళ్ల క్రితం నేను చదువు సగంలో వదిలేసి వచ్చిన డిపార్ట్‌మెంట్ వాళ్లు లిస్టులోంచి నా పేరు ఇంకా తీసేయలేదు. పార్కింగ్ రూల్స్ మారాయనీ, ఫలానా హాల్లో పిజ్జా పెడుతున్నారనీ మెయిల్స్ వస్తూనే ఉంటాయి. వాటి మధ్యలో ఇదొకటి. "మన పూర్వ సహోద్యోగి, ఎందరికో ఆత్మీయురాలు, ఎప్పుడూ సాయానికి ముందుండే మనిషి" అని ఇంగ్లీషులో నాలుగు లైన్లు, కింద సంస్మరణ సభకి జూమ్ లింకు. సాయానికి ముందుండే మనిషట! ఒళ్లు మండిపోయింది నాకు. జీవితమంతా మధ్య అమెరికాలోని మాయా నాగరికత కుండపెంకులు చదివిన మనిషి గురించి, ఎవరి పెళ్లిలోనో వడ్డనకి నిలబడ్డావిడ గురించి రాసినట్టు రాశారు.

నేనిప్పుడు వర్జీనియాలోని హెర్న్‌డన్‌లో డేటా ఇంజనీర్ని. అప్పట్లో నార్త్ కరోలినాలో ఆర్కియాలజీ పీహెచ్‌డీ స్టూడెంట్ని. మాయా నగరాల తవ్వకాలు చదవడానికి ఖమ్మం నుంచి అమెరికా వచ్చిన పిచ్చోణ్ణి నేనొక్కణ్ణే అనుకుని దిగితే, ఆ బేస్‌మెంట్ ల్యాబ్‌లో అప్పటికే గుంటూరు వైపు నుంచి వచ్చిన ఈవిడ కూర్చుని ఉంది. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. పీహెచ్‌డీ ఎప్పుడో అయిపోయింది. ఏటికేడు రెన్యూ అయ్యే కాంట్రాక్టు మీద పని. గ్వాటెమాలా అడవిలో మా ప్రొఫెసర్ తవ్విస్తాడు. ఏ పొరలో దొరికిన పెంకు ఏ కాలానిదో ఈవిడ చెబుతుంది. పుస్తకం ఆయన రాస్తాడు. ముందుమాట చివర్లో ఈవిడకి ఒక థాంక్స్.

పెంకు చేతికిస్తే ముందు దాన్ని పంటికి మెల్లగా కొట్టి చెవి అప్పగించేది. మొదటిరోజు అది చూసి నేను, "ఏంటి మేడమ్, తింటున్నారా?" అన్నాను.

"బాగా కాలిందో లేదో వింటున్నా. నువ్వూ కొట్టి చూడు. మెల్లగా కొట్టుకో నాయనా, మన డెంటల్ ఇన్సూరెన్స్ ఏమంత గొప్పగా ఏడవలేదు" అంది.

ఎవరింటికి భోజనానికి పిలిచినా ముందు ఖాళీ ప్లేటు తిరగేసి అడుగు చూసేది. ఇంటావిడ ముఖం ఎలా మాడినా పట్టించుకునేది కాదు. బొమ్మలు మాత్రం పెన్సిల్‌తోనే గీసేది. కెమెరాలొచ్చాయి కదా మేడమ్ అంటే, "కెమెరాకి కనిపిస్తుంది. నేను చూస్తాను" అనేది. గిన్నె మూతి ఎటు వంగిందో, ఎంత మందంగా ఉందో గళ్ల కాగితం మీద గీసి, పక్కనే ఆ పెంకు ఏ పొరలో దొరికిందో రాసేది. ఆ నోట్‌బుక్కులకి నల్ల అట్టలు. పడుకున్నా తల పక్కనే పెట్టుకుంటుందని మేం ఏడిపించేవాళ్లం.

తెలుగువాళ్ల పార్టీలంటే ఆవిడకి భయం. కారణం ఒకే ఒక్క ప్రశ్న. మా పక్క ఊరు క్యారీలో ఒక సాయంత్రం నా కళ్లముందే జరిగింది. బ్యాక్‌యార్డ్‌లో గ్రిల్ దగ్గర నిలబడ్డ ఒక పెద్దాయన, చేతిలో మొక్కజొన్న కంకి, "మాయా వాళ్లంటే మన మయుడి సంతానమే కదమ్మా! మయసభ కట్టిన మయుడు! మీరు రీసెర్చ్‌లో అది ప్రూవ్ చేయొచ్చుగా?" అన్నాడు.

"లేదండీ. వాళ్లకి వాళ్ల తాతలున్నారు" అంది.

"అంత దూరం వెళ్లి వాళ్ల కుండలు ఏరేకంటే మన కృష్ణా ఒడ్డున తవ్వొచ్చుగా?"

"తమరు ఏం చేస్తుంటారు?"

"ఇన్సూరెన్స్ కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్ట్‌ని."

"వాళ్ల పాలసీలు వాళ్లకి రాసిపెట్టేకంటే మన ఊళ్లో ఎల్ఐసీకి రాసిపెట్టొచ్చుగా?"

ఆయన కంకి కొరకడం ఆపేశాడు. నేను నవ్వాపుకోలేక కారు వైపు పారిపోయాను, అదీ నా కారు కాదు, రూమ్మేట్‌ది. ఆ తర్వాత మూడేళ్లు ఆ ఇంటికి ఆవిణ్ణి ఎవరూ పిలవలేదు. "హమ్మయ్య, ఒక ప్రశ్న తప్పింది" అంది.

ల్యాబ్‌లో మాత్రం ఆవిడ ఇంకో మనిషి. అక్కడ ఆవిడ కోప్పడగా నేను చూడలేదు. ఒకే ఒక్క రూలు. పెంకులు గ్వాటెమాలాలోనే కడిగి, సంచుల్లో కట్టి వచ్చేవి. ఒక్కో సంచిలో ఆ పొర నంబరు, ఎన్ని పెంకులున్నాయో రాసిన చీటీ. ఇక్కడ వాటి మీద పేరుకున్న సున్నం పోయేలా వెనిగర్ నీళ్లలో నానబెట్టి, మళ్లీ కడిగి, దోమతెర బిగించిన చెక్క ట్రేల్లో ఆరబెట్టి, ఆరాక ఒక్కో పెంకు వెనకాల సన్నటి కలంతో పొర నంబరు రాయాలి. ఆ నంబరు రాసేదాకా పెంకుకి ఊరూ పేరూ లేనట్టే. అందుకని ఆరిన ట్రేలు లోపలికి తెచ్చేటప్పుడు ఒక్కసారికి ఒక్క ట్రే. రెండు వద్దు. "ఒకవేళ ఒలికి కలిసిపోయాయా, కలిసిపోయాయని చీటీ మీద రాసెయ్. ఆ పెంకులు ఎందుకూ పనికిరావు, పోనీ. ఎవరూ నిన్నేమీ అనరు. సర్దావో, అప్పుడు మాత్రం చంపేస్తాను" అనేది నవ్వుతూ.

నేను చేరిన రెండో ఏడాది వేసవిలో ఆవిడ గ్వాటెమాలా నుంచి మెరిసిపోతూ వచ్చింది. అక్కడి రాజభవనంలో ఒక గచ్చు నేల ఉంది. అది ఫలానా రాజు కట్టించాడని మా ప్రొఫెసర్ పుస్తకం. పుస్తకం మొత్తం ఆ రాజు మీదే నిలబడి ఉంది. ఆ గచ్చు పగలగొట్టి కింద తవ్వినప్పుడు ఈవిడే గుంటలో కూర్చుని ఉంది. గచ్చు కింద నాలుగు నారింజరంగు గిన్నె మూతులు దొరికాయి. ఆ రకం గిన్నెలు ఆ రాజు పోయిన వందేళ్లకి గానీ పుట్టలేదు.

నాకు అర్థం కాలేదని మొహం చూసి కనిపెట్టింది. "ఒరే, నీ అపార్ట్‌మెంట్ కార్పెట్ ఎత్తితే కింద సెల్‌ఫోన్ బిల్లు దొరికింది. ఆ కార్పెట్ ఎప్పుడేసినట్టు?"

"సెల్‌ఫోన్లు వచ్చాక."

"అంతే! ఆ గచ్చు ఆ రాజుది కాదు. వందేళ్ల తర్వాత ఎవరో పేరు తెలియని వాళ్లు వేసుకున్నారు. ఏ రోజుల్లో ఊరు ఖాళీ అయిపోయిందని ఈయన పుస్తకంలో రాశాడో, ఆ రోజుల్లోనే అక్కడ మనుషులు ఇల్లు బాగుచేసుకుంటున్నారు. ఎంత బావుందో చూడు!" అంది. ఆవిడ అంత సంతోషంగా ఉండటం మళ్లీ చూడలేదు నేను.

అదే సమయంలో డిపార్ట్‌మెంట్‌లో ఒక పర్మనెంట్ ఉద్యోగం పడింది. పదకొండేళ్ల కాంట్రాక్టు తర్వాత ఆవిడకి దొరికిన ఒకే ఒక్క దారి. ఈ గచ్చు మీద పేపర్ వస్తే కాదనే ధైర్యం ఎవరికీ ఉండదని అందరూ అనుకున్నారు. ముందు ల్యాబ్ పని పూర్తి కావాలి. గచ్చు పైన దొరికిన పెంకుల సంచీ, గచ్చు కింద దొరికిన పెంకుల సంచీ, రెండూ నాకే ఇచ్చింది. "జాగ్రత్త" అని కూడా అనలేదు. అంత నమ్మకం.

ఆ మధ్యాహ్నం రెండు ట్రేలూ వెనక ర్యాంప్ దగ్గర ఎండలో ఉన్నాయి. రూమ్మేట్ కారు తెచ్చి హారన్ కొడుతున్నాడు. ఇండియన్ స్టోర్‌కి వారానికి ఒక్క ట్రిప్, మిస్సయితే వారం రోజులు బ్రెడ్డే గతి. కారు లేనివాడి బతుకు ఎలా ఉంటుందో అనుభవించినవాళ్లకి చెప్పక్కర్లేదు. ఒకదాని మీద ఒకటి పెట్టి రెండు ట్రేలూ ఎత్తాను. ర్యాంప్ మీద పైది జారింది. దాన్ని పట్టుకోబోతే కిందది తిరగబడింది. పెంకులన్నీ సిమెంటు మీద.

చీటీ మీద కలిసిపోయాయని రాయాలి. అంతే కదా. రాయలేదు. మోకాళ్ల మీద కూర్చుని సర్దాను. ఎలా సర్దాను? అదే నన్ను ఇన్నేళ్లూ తింటున్నది. రెండేళ్లు చదివిన చదువు వాడాను! నారింజరంగు పెంకులు తర్వాతి కాలానివి, పుస్తకంలో ఉంది కదా, కాబట్టి అవన్నీ గచ్చు పైన దొరికి ఉంటాయని పై పొర ట్రేలో వేశాను. పాతరకం పెంకులు కింది పొర ట్రేలో వేశాను. చీటీలో రాసిన లెక్క సరిపోయేలా రంగు తెలియని ఓ నాలుగు పెంకులు అటు నుంచి ఇటు మార్చాను. ఆవిడ కళ్లారా చూసి చెప్పింది నేను చెవులారా విన్నాను, అయినా ఆ క్షణంలో నా చేతులు ప్రొఫెసర్ పుస్తకాన్నే నమ్మాయి. మర్నాడు కూర్చుని ఒక్కోదాని మీద ముత్యాల్లాంటి అక్షరాలతో నంబర్లు రాశాను. ట్రేలు ఇంత శుభ్రంగా, పుస్తకంలో రాసినట్టు ఎప్పుడూ రాలేదు.

నెల తర్వాత ఆవిడ పేపర్ చదివి ప్రొఫెసర్ మీటింగ్ పెట్టాడు. ఆయన, ఇంకో ఇద్దరు ఫ్యాకల్టీ, ఆవిడ, చివర కుర్చీలో నేను. ఆవిడ నల్ల నోట్‌బుక్ తెరిచి, గుంటలో కూర్చుని గీసుకున్న నాలుగు బొమ్మలు చూపించింది. పక్కనే గచ్చు కింది పొర నంబరు. ఆయన పెంకుల పెట్టె తెరిపించాడు. కింది పొర సంచిలో నారింజరంగు పెంకు ఒక్కటి లేదు. పై పొర సంచిలో ఆ నాలుగూ ఉన్నాయి, బొమ్మల్లో ఉన్నవి ఉన్నట్టే.

"నంబరు చదువు" అన్నాడు నాతో.

చదివాను. పై పొర నంబరు. నా చేతిరాత.

ఆవిడ ఆ పెంకునీ, ఆ రాతనీ చాలాసేపు చూసింది. తర్వాత నా వైపు తిరిగి, ఆ గదిలో ఇంకెవరికీ అర్థం కాకుండా, తెలుగులో అడిగింది. "ఏం ఫర్లేదు, చెప్పు. ట్రేలు కలిశాయా?"

ఎంత మెల్లగా అడిగిందో! అప్పుడు చెప్పేసినా తప్పించుకునే దారి ఏదో ఆవిడే చూసేది. కానీ నా బుర్రలో ఒక్కటే తిరుగుతోంది. డేటా పాడుచేశానంటే అసిస్టెంట్‌షిప్ పోతుంది. అది పోతే ఫీజు కట్టలేను. ఫీజు కట్టకపోతే వీసా స్టేటస్ పోతుంది. అది పోతే ఫ్లైట్. ఆవిడ తెలుగులో అడిగింది. నేను ఇంగ్లీషులో, అందరికీ వినపడేలా జవాబిచ్చాను.

"లేదు. ట్రేలు మొదట్నుంచీ వేర్వేరుగానే ఉన్నాయి."

ఆవిడ నోట్‌బుక్ మూసేసింది. "అయితే గుంటలో నేనే తప్పు రాసుకుని ఉంటాను" అంది ఇంగ్లీషులో. ప్రొఫెసర్ చాలా దయగా, "జరుగుతుంటుంది, ఎండలో ఎవరికైనా జరుగుతుంది" అన్నాడు. 

ఉద్యోగం ఇంకొకరికి వెళ్లింది. మరుసటేడు కాంట్రాక్టు కూడా రెన్యూ చేయలేదు. అప్పట్నుంచి ఆవిడ మూడు కాలేజీల్లో క్లాసుకింత అని పాఠాలు చెప్పింది. ఉదయం ఒక ఊరు, మధ్యాహ్నం ఇంకో ఊరు, కారు వెనక సీటు నిండా దిద్దాల్సిన పేపర్లు. మళ్లీ ఎవరూ తవ్వకాలకి తీసుకెళ్లలేదు. తన నోట్‌బుక్‌నే నమ్మలేని మనిషిని గుంటలో ఎవరు కూర్చోబెడతారు? నేను మాస్టర్స్‌తో సరిపెట్టుకుని, ఒక కన్సల్టెన్సీ పట్టుకుని, సాఫ్ట్‌వేర్‌లో పడ్డాను. డేటా క్లీనింగ్ నా స్పెషాలిటీ. నవ్వండి, నేనూ నవ్వుకున్నాను.

ఒక్కసారి కలిసింది, కొన్నేళ్ల తర్వాత, క్యారీలోనే, ఇండియన్ స్టోర్‌లో. ఫ్రెండ్ పెళ్లికి వెళ్లాను. కూరగాయల దగ్గర బెండకాయ చివర్లు విరిచి చూస్తూ నిలబడి ఉంది. జుట్టు సగం తెల్లబడింది.

"ఏరా, హెచ్-వన్ వచ్చిందా?"

"వచ్చింది మేడమ్."

"మంచిది. కారు?"

"కొన్నాను."

"మంచిది" అంది మళ్లీ.  బెండకాయలు విరవడం ఆపేసి కార్ట్ మీద రెండు చేతులూ పెట్టి నిలబడింది. నాకు తెలుసు ఆవిడ ఎందుకు నిలబడిందో. పక్కన ఎవరూ లేరు. నోరు తెరిచాను కూడా. "నేను మళ్లీ కాల్ చేస్తాను మేడమ్" అని వచ్చింది నోట్లోంచి. అలాగేలే అని నంబర్ ఇచ్చింది. ఆ నంబర్ నా ఫోన్‌లో ఇప్పటికీ ఉంది. ఫోన్లు ఆరు మార్చాను.

మూడేళ్ల క్రితం వేరే యూనివర్సిటీ కుర్రవాళ్లు అదే భవనంలో పక్క గది తవ్వారు. అదే గచ్చు, కింద అవే నారింజరంగు గిన్నెలు. పెద్ద వార్త అయింది. మా ప్రొఫెసర్ ఎనభై ఏళ్ల వయసులో, కొత్త సాక్ష్యాన్ని స్వాగతిస్తున్నానని హుందాగా ఒక ఇంటర్వ్యూ ఇచ్చాడు. ఆవిడ పేరు ఎక్కడా లేదు. కింద రిఫరెన్సుల్లో వెతికాను, అక్కడా లేదు. ఉండటానికి ఆ పేపర్ అచ్చయితే కదా! ఆ లింకు ఆవిడకి పంపుదామని టైప్ చేసి, చెరిపేశాను. ఆవిడ చూసే ఉంటుంది. చూసి ఏమనుకుందో ఆ దేవుడికే తెలియాలి.

పోయిన శనివారం జూమ్‌లో కూర్చున్నాను. ఇరవై మంది దాకా ఉన్నారు. స్క్రీన్ మీద ఒక డబ్బాలో ప్రొఫెసర్. ఇంకో డబ్బాలో ఆవిడ చెల్లెలి కూతురు, ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, క్యారీలో పెద్దమ్మ అపార్ట్‌మెంట్ ఖాళీ చేస్తోందట, వెనకాల అట్టపెట్టెలు కనిపిస్తున్నాయి. ప్రొఫెసర్ మంచిగానే మాట్లాడాడు. చివర్లో చిన్నగా నవ్వి, "ఆమెకి కొంచెం ఊహ ఎక్కువ. ఒకసారి ఒక నోట్‌బుక్ మా అందర్నీ చాలా కంగారు పెట్టింది" అన్నాడు. రెండు మూడు డబ్బాల్లో నవ్వులు.

మరి నీ ఇంటర్వ్యూ ఏమిటయ్యా? ఆవిడ రాసిందే నిజమని నువ్వే ఒప్పుకున్నావు కదా అనుకున్నాను మనసులో. ఈయనకి ఆ రెండూ కలిపి చూసుకోవాలనే తట్టలేదు. మ్యూట్ తీశాను. చెప్పేశాను. ర్యాంప్, ట్రేలు, నారింజరంగు పెంకులు, మీటింగ్‌లో అబద్ధం, అన్నీ. మూడు నిమిషాలు పట్టింది. ఆవిడ రాసింది కరెక్టు, పాడుచేసింది నేను అన్నాను.

 తర్వాత ప్రొఫెసర్, "థాంక్యూ. ఇది చెప్పడానికి చాలా ధైర్యం కావాలి" అన్నాడు. ధైర్యమట! సభ నడుపుతున్న అమ్మాయి, మనమంతా ఒకప్పుడు స్టూడెంట్లమే కదా అని నన్ను ఓదార్చి, స్లైడ్ షో వేసింది. నాకేమీ కాలేదు. ఎవరికీ ఏమీ కాలేదు. మధ్యాహ్నం మా పాపని పక్క ఊరు షాంటిలీలో డ్యాన్స్ క్లాసుకి డ్రైవ్ చేసి తీసుకెళ్లాను.

పార్కింగ్‌లో ఉండగా ఫోన్ మోగింది. ఆవిడ చెల్లెలి కూతురు. సభకి వచ్చినవాళ్ల లిస్టులోంచి నా నంబర్ పట్టుకుందట. "అంకుల్, నాకు తెలుగు చదవడం రాదు. ఆ నోట్‌బుక్ నాకు దొరికింది. ఫోటో పంపాను, చూడండి. ఏం రాసింది పెద్దమ్మ?"

నాలుగు బొమ్మలు. పక్కన గచ్చు కింది పొర నంబరు. దాని కింద ఇంకుతో, తర్వాతెప్పుడో రాసిన ఒక లైను.

"ఏముంది అంకుల్?"

"'నేను చూశాను' అని ఉంది" అన్నాను.

"ఓ" అంది. "ట్రేలు మీరు కలిపేశారు అని పెద్దమ్మకి తెలుసా?"

"తెలుసు."

"మరి మీరు ఎందుకు చెప్పలేదు?"

ఇదుగో ఇక్కడ నేను మొదలుపెట్టాను. స్టూడెంట్ వీసా అంటే ఏంటో, అసిస్టెంట్‌షిప్ పోతే ఏమవుతుందో, నువ్వు ఇక్కడ పుట్టావమ్మా, నీకు తెలియదు, ఆ రోజుల్లో మాకు ఊపిరి కూడా భయంభయంగానే అని. చాలాసేపు చెప్పాను. బాగా చెప్పాను కూడా. ఆ పిల్ల అడ్డు రాకుండా అంతా వింది.

"ఓకే. అర్థమైంది అంకుల్" అంది. గొంతులో కోపం లేదు. నిజంగానే అర్థం చేసుకోవాలని అనుకుంటోంది. "మీకు గ్రీన్ కార్డ్ ఎప్పుడు వచ్చింది?"

అబద్ధం ఆడదామనే అనిపించింది, దాచుకోవడం ఎందుకు.

"పదకొండేళ్లయిందమ్మా" అన్నాను.

 కాల్ కట్ అయిందేమోనని ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసి చూశాను. కట్ కాలేదు.